తీగ సాగితే మంచి గ్రీజేనా? దమ్ము చేలో పాలిమర్ల పని

సార్వా దమ్ములు (తొలకరి వరి నాట్లకు ముందు చేలో నీళ్ళు పెట్టి బురదగా దున్నడం) జోరుగా సాగే రోజుల్లో గోదావరి డెల్టాలో ఏ మెకానిక్ షెడ్డు దగ్గర ఆగినా, ముందు చక్రం ఊడదీసిన ట్రాక్టరు ఒకటి కనిపిస్తుంది. చక్రం నడిమి భాగమైన హబ్ మూత తీస్తే లోపల ఉండాల్సిన ఎర్ర గ్రీజు ఉండదు. పాలెక్కువైన టీ రంగులో, చిక్కటి మజ్జిగలా జారే ముద్ద బయటికొస్తుంది. వేళ్ళ మధ్య రుద్దితే ఒండ్రు గరగరమంటుంది. బేరింగును డీజిల్లో కడిగి వెలుతురులో తిప్పి చూస్తే, లోపలి రింగు మీద సన్నటి తుప్పు గీతలు వరసగా కనిపిస్తాయి. రోలరుకీ రోలరుకీ మధ్య ఎంత ఎడం ఉందో, గీతకీ గీతకీ మధ్య కూడా అంతే ఎడం. పగలంతా దమ్ము చేసి రాత్రి ట్రాక్టరును ఆపేశాక, రోలరు ఆనిన చోట నిలిచిన నీరు చేసిన పని అది.

"మొన్ననే గ్రీజు కొట్టించాం కదండీ" అంటాడు బండి తెచ్చిన రైతు. అతని మాట నిజమే. గ్రీజు లేక పాడైన బేరింగు కాదది. గ్రీజు ఉండి కూడా నీటికి నిలవలేక పాడైంది.

కొట్లో గ్రీజు డబ్బా కొనేటప్పుడు ఎక్కువమంది చూసేవి రెండే. ఒకటి రంగు. రెండోది తీగ. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొంచెం పెట్టి, తీగపాకం వచ్చిందో లేదో చూసినట్టు వేళ్ళు మెల్లగా విడదీస్తారు. తీగ పొడుగ్గా సాగితే "జిగురు బాగుంది, సరుకు మంచిది" అనుకుంటారు. రంగు సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది: ఎరుపైనా నీలమైనా పసుపైనా అది కలిపిన రంగే, గ్రీజు గుణానికీ దానికీ సంబంధం లేదు. తీగ విషయం అంత తేలిక కాదు. దాని వెనక నిజంగానే ఒక పాలిమర్, అంటే గొలుసులాంటి పొడవాటి అణువు, ఉంది. అయితే గ్రీజులో పాలిమర్లు చేయగల పనుల్లో తీగ సాగడం ఒకటి మాత్రమే. దమ్ము చేలో తిరిగే హబ్ బేరింగుకు ఆ పని కంటే ఇంకో పని ఎక్కువ అవసరం. నీళ్ళలో గ్రీజును నిలబెట్టే పాలిమర్ వేరు, వేళ్ళ మధ్య తీగ సాగదీసే పాలిమర్ వేరు. ఈ తేడా తెలియకపోవడం వల్ల డెల్టాలో ఏటా ఎన్నో బేరింగులు వయసు తీరకముందే పోతున్నాయి.

గ్రీజంటే నూనె పట్టిన సబ్బు

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని సామెత. ఎడ్లబండ్ల కాలంలో ఇరుసుకు ఆముదంలో గడ్డి మసి కలిపి పూసేవారు. ఒట్టి ఆముదమైతే కారిపోతుంది. మసి కలిస్తే ముద్దగా మారి ఇరుసును పట్టుకుని ఉంటుంది. నూనె జారుడునిస్తుంది, మసి ఆ నూనెను పట్టి ఉంచుతుంది. ఈనాటి గ్రీజు సూత్రం కూడా ఇంతే. మసి స్థానంలోకి సబ్బు వచ్చింది.

గ్రీజులో సుమారు 70 నుంచి 95 శాతం దాకా నూనే. మిగతాదానిలో ఎక్కువ భాగం చిక్కదనాన్నిచ్చే సబ్బు. తుప్పు పట్టకుండా, ఒత్తిడికి తట్టుకునేలా వేసే మందులు కొద్దిపాళ్ళలో ఉంటాయి. సబ్బు అంటే ఒంటికి రుద్దుకునే సబ్బు జాతిదే. కొవ్వు ఆమ్లాన్ని క్షారంతో కలిపితే తయారవుతుంది. సోడియంతో చేస్తే ఒకరకం, కాల్షియంతో చేస్తే ఒకరకం, లిథియంతో చేస్తే ఇంకోరకం. లిథియం సబ్బు గ్రీజుల మీద 1942లో అమెరికాలో క్లారెన్స్ ఎర్ల్‌కు పేటెంట్లు వచ్చాయి. ఇప్పుడు ట్రాక్టర్లకు కొట్టే గ్రీజుల్లో ఎక్కువ భాగం ఆ జాతివే. ఆ లిథియం సబ్బుకు కావలసిన కొవ్వు ఆమ్లం ఎక్కడినుంచి వస్తుందంటే, ఆముదం నుంచే. ఆముదాన్ని హైడ్రోజన్‌తో గట్టిపరచి తీస్తారు. బండి ఇరుసు నుంచి ట్రాక్టరు హబ్ దాకా ఆముదం మనల్ని వదల్లేదన్నమాట.

మైక్రోస్కోపు కింద చూస్తే ఈ సబ్బు సన్నటి పీచులా, ఒకదానిలో ఒకటి అల్లుకుని కనిపిస్తుంది. కోనసీమలో కొబ్బరి పీచు ముద్దను నూనెలో ముంచి తీస్తే ఎలా ఉంటుందో ఊహించుకుంటే చాలు. పీచు నూనెను పట్టి ఉంచుతుంది, నొక్కితే కొద్దిగా వదులుతుంది. బేరింగు తిరిగేటప్పుడు కావలసింది ఆ కొద్దిపాటి నూనే. పీచు అల్లిక చెదిరిపోతే నూనె ఒక్కసారిగా కారిపోతుంది. అల్లిక మరీ బిగుసుకుంటే నూనె బయటికే రాదు. గ్రీజు తయారీ అంతా ఈ రెంటి మధ్య సర్దుబాటే.

గ్రీజు గట్టిదనానికి ఒక కొలత ఉంది. 25 డిగ్రీల వేడిలో, 60 సార్లు కలియదొక్కిన గ్రీజులోకి శంకువు ఆకారపు బరువును వదిలి అది ఎంత లోతుకు దిగిందో చూస్తారు. మిల్లీమీటరులో పదో వంతు లెక్కన 265 నుంచి 295 మధ్య దిగితే దాన్ని 2వ నంబరు గ్రీజు అంటారు. డబ్బా మీద ఉండే 2 అదే. 310 నుంచి 340 అయితే 1వ నంబరు, అంటే మెత్తనిది. 220 నుంచి 250 అయితే 3వ నంబరు, గట్టిది. ఈ అంకెలు గుర్తు పెట్టుకోవాలి, నీరు చేసే నష్టాన్ని కొలిచేదీ వీటితోనే.

నీరు చేసే నష్టం

వేడి వల్ల గ్రీజు పాడవుతుందన్నది అందరికీ తెలిసిన సంగతే. డబ్బాల మీద కూడా ఎన్ని డిగ్రీల దాకా తట్టుకుంటుందో పెద్దక్షరాల్లో వేస్తారు. మామూలు లిథియం గ్రీజు కరిగి చుక్కగా జారాలంటే 190 డిగ్రీల దరిదాపుకు వెళ్ళాలి. దమ్ము చేలో నెమ్మదిగా కదిలే ట్రాక్టరు ముందు హబ్ అంత వేడెక్కదు. అక్కడ చక్రం సగం దాకా బురద నీళ్ళలో ఉంటుంది. పైగా ఎండలో పనిచేసి వేడెక్కిన హబ్ ఒక్కసారిగా చల్లటి నీళ్ళలోకి దిగితే లోపలి గాలి ముడుచుకుని, సీలు (నీరు, దుమ్ము లోపలికి రాకుండా అడ్డంగా ఉండే రింగు) పక్కనుంచి నీటిని లోపలికి లాగేస్తుంది. సీలు కొంచెం అరిగినా చాలు.

లోపలికి వచ్చిన నీరు ముందు గ్రీజును కడుగుతుంది. ఇది పైకి కనిపించే నష్టం. కనిపించనిది ఆ తర్వాత మొదలవుతుంది. రోలర్ల కింద నలిగేటప్పుడు నీటి బొట్లు నూనెలో సన్నగా చీలి కలిసిపోతాయి, కవ్వంతో చిలికినట్టే. తెల్లగా, టీ రంగుగా మారడం దాని గుర్తు. సోడియం సబ్బు గ్రీజైతే నీళ్ళలో కరిగే పోతుంది, డెల్టా పొలానికి అది పనికిరాదు. లిథియం సబ్బు కరగదు గానీ, నీటిని పీచు అల్లికలోకి రానిస్తుంది. కొంతవరకు తట్టుకుంటుంది, ఆపైన అల్లిక వదులై 2వ నంబరు గ్రీజు 1వ నంబరు కంటే మెత్తగా అయిపోతుంది. అప్పుడు తిరిగే బేరింగు తనే దాన్ని బయటికి విసిరేస్తుంది. మూడోది తుప్పు. నూనె పొర పలచబడి నీరు ఇనుముకు తగిలిన చోట తుప్పు మొదలవుతుంది. ఆ తుప్పు రేణువులు, ఒండ్రు కలిసి ఆకురాయిలా రోలర్లను అరగదీస్తాయి.

ఆక్వా చెరువులున్న పల్లపు ప్రాంతాల్లో, సముద్రం దగ్గరపడే కొద్దీ, ఇంకొకటి తోడవుతుంది: ఉప్పు. నరసాపురం, అంతర్వేది వైపు నీటిలోని ఉప్పు తుప్పును మరింత తొందర పెడుతుంది. మండపేట పొలంలో నిలిచే గ్రీజు అక్కడ నిలవకపోవడంలో వింతేమీ లేదు.

పాలిమర్లు లోపల ఏం చేస్తాయి

పాలిమర్ అంటే ఒకే చిన్న ముక్క వేల సార్లు గొలుసులా కలిసిన పొడవాటి అణువు. గ్రీజులో వాడే పాలిమర్లు మనకు కొత్తవేం కావు, వాటి తోబుట్టువులు ఇంట్లో, పొలంలో ఎప్పటినుంచో ఉన్నాయి. సైకిలు ట్యూబు, ట్రాక్టరు ట్యూబు చేసే బ్యూటైల్ రబ్బరుకు తోబుట్టువు పాలీఐసోబ్యూటిలీన్. తలుపుల చుట్టూ వానకు అడ్డంగా వేసే నల్ల రబ్బరు పట్టీ జాతి నుంచి ఇథిలీన్, ప్రొపిలీన్ కలిపిన పాలిమర్ వస్తుంది. ట్రాక్టరు ఇంజన్లో పోసే 15డబ్ల్యూ-40 ఆయిల్లో, వేడికి నూనె మరీ పలచబడకుండా చూసేది తరచుగా ఇదే. రోడ్ల తారును బలపరచడానికి కలిపే స్టైరీన్ రబ్బరు జాతిది ఇంకొకటి. ఇవి కాక పాలీమెథాక్రిలేట్లు, సన్నటి పాలీఇథిలీన్ కూడా వాడతారు. ఏదైనా గ్రీజు మొత్తంలో కలిసేది కొద్ది శాతమే.

వీటిలో తీగ సాగదీసేది పాలీఐసోబ్యూటిలీన్. అది కూడా చాలా పొడవైన గొలుసులున్న రకం, అణుభారం పది లక్షలు దాటినది. నూనెలో ఇలాంటి గొలుసులు మామూలుగా ఉండ చుట్టుకుని ఉంటాయి. లాగితే విప్పుకుని, ఒకదానికొకటి చిక్కుపడి, తెగకుండా సాగుతాయి. పనసకాయ కోసినప్పుడు చేతికి అంటుకునే జిగురు సాగినట్టు. బయటికి తెరిచి ఉన్న చోట, తిరుగుడుకు గ్రీజు చిమ్మిపోయే చోట, ఈ గుణం బంగారం లాంటిది. ధవళేశ్వరంలో సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజికి 175 గేట్లున్నాయి. అలాంటి గేట్లు, కాలువల మీది లాకులు, వాటిని ఎత్తే దించే యంత్రాల్లో తెరిచి ఉన్న పళ్ళ చక్రాలు, తీగతాళ్ళు ఎక్కడున్నా వాన నేరుగా తగులుతుంది, గ్రీజును మూసి పెట్టే డబ్బా ఉండదు. అక్కడ జిగురు గ్రీజే సరైనది. ఇనుమును వదలకుండా పట్టుకుంటుంది, చినుకులకు కారిపోదు.

కానీ ఈ పొడవాటి గొలుసులకు ఒక బలహీనత ఉంది. పొడవెంత ఎక్కువో తెగడం అంత తేలిక. బేరింగులో రోలరుకీ రింగుకీ మధ్య నలిగితే కొద్ది గంటల్లోనే ముక్కలవుతాయి. ముక్కలైన గొలుసు మళ్ళీ అతకదు. కొత్త డబ్బాలోంచి తీసినప్పుడు జానెడు సాగిన గ్రీజు, వారం పనిచేసిన హబ్ లోంచి తీస్తే అంగుళం కూడా సాగకపోవడానికి కారణం ఇదే. తయారు చేసేవాళ్ళకు ఇది తెలుసు, అందుకే ఈ రకాన్ని గ్రీజు మర పట్టాక, చల్లారే దశలో చివర్లో మెల్లగా కలుపుతారు. ముందే కలిపితే మరలోనే తెగిపోతుంది. మరలోనే తెగిపోయే గొలుసు బేరింగులో సీజనంతా నిలుస్తుందని ఆశించడం సరికాదు.

నీటికి ఎదురు నిలిపే పాలిమర్ల పని తీరు వేరు. ఇథిలీన్-ప్రొపిలీన్ రకం, స్టైరీన్ రకం గొలుసులు అంత పొడవుండవు. పొట్టివి కాబట్టి నలుగుడుకు ఎక్కువకాలం తట్టుకుంటాయి. గ్రీజును బాగా వేడిగా వండే దశలో నూనెలో పూర్తిగా కరిగేలా వీటిని కలుపుతారు. చల్లారేటప్పుడు సబ్బు పీచు ఏర్పడుతూ ఉంటే ఈ గొలుసులు దాని సందుల్లో ఇమిడి రెండో అల్లికగా మారతాయి. కొబ్బరి పీచు తాడులో సన్నటి నైలాన్ పోగు కలిపి పేనినట్టు. పీచు ఒక్కటే ఉంటే నీరు చొరబడి వదులు చేసేది, పోగు కలిశాక అల్లిక సులువుగా విడిపోదు. ఈ గొలుసులకు నీరంటే సరిపడదు, నూనెనే ఇష్టపడతాయి. అందువల్ల నీటి బొట్టు అల్లికలోకి చొరబడే దారి మూసుకుపోతుంది.

ఇంకో మెట్టు పైన, గొలుసు మీద అక్కడక్కడా రసాయన కొక్కేలు అతికించిన పాలిమర్లున్నాయి. ఆ కొక్కేలు సబ్బు పీచుకే నేరుగా తగులుకుంటాయి. ఊరికే సందుల్లో ఇమిడి ఉండటం వేరు, ముడి వేసుకుని ఉండటం వేరు. ఇలాంటివి తక్కువ పాళ్ళలోనే నీటి నిలకడను బాగా పెంచుతాయి. పైగా వేళ్ళ మధ్య పెడితే ఇవి పెద్దగా తీగ సాగవు! కొట్లో తీగ పరీక్ష పెడితే, దమ్ముకు అన్నిటికంటే మంచి గ్రీజు మొదటే తప్పిపోతుంది. ఈ వ్యాసం అసలు బాధ ఇదే.

పాలిమర్ వల్ల ఇంకో లాభం కూడా ఉంది. గట్టిదనంలో కొంత భాగం అది తెస్తుంది కాబట్టి సబ్బు తగ్గించవచ్చు. బ్యాటరీల గిరాకీతో 2021, 2022లో లిథియం ధర విపరీతంగా పెరిగినప్పుడు గ్రీజు తయారీదార్లు ఈ దారి గురించి మరింత గట్టిగా ఆలోచించాల్సి వచ్చింది. ఇది తయారీదారు లెక్క. వాడేవాడికి కావలసింది నీళ్ళలో నిలకడే.

పద్దెనిమిది లీటర్ల పరీక్ష

వేళ్ళతో కాకపోతే నీటి నిలకడను ఎలా తెలుసుకోవాలి? దానికి ప్రపంచమంతా వాడే పరీక్ష ఒకటుంది, పేరు ఏఎస్‌టీఎం డీ1264. మోటార్లలో మామూలుగా కనిపించే 6204 సైజు బాల్ బేరింగులో 4 గ్రాముల గ్రీజు నింపుతారు. నిమిషానికి 600 చుట్లు తిప్పుతూ, సెకనుకు 5 మిల్లీలీటర్ల చొప్పున గంటసేపు నీటిధార కొడతారు. లెక్క వేస్తే అది 18 లీటర్లు. చెంచాడు గ్రీజు మీద బిందెడు నీళ్ళు. తర్వాత ఆరబెట్టి తూచి, ఎంత గ్రీజు కొట్టుకుపోయిందో శాతంలో చెబుతారు. నీటిని 38 డిగ్రీల దగ్గర గానీ, 79 డిగ్రీల దగ్గర గానీ ఉంచుతారు. రెండోది కఠినమైనది. చక్రాల బేరింగులకు వాడే నాణ్యమైన గ్రీజులకు అమెరికాలోని గ్రీజు సంస్థ ఎన్ఎల్‌జీఐ పెట్టిన జీసీ-ఎల్‌బీ గుర్తు కావాలంటే, వేడి నీటి పరీక్షలో నష్టం 15 శాతం దాటకూడదు. మంచి పాలిమర్ పడిన గ్రీజుల్లో ఈ అంకె 5 కంటే కిందికి వస్తుంది.

ఒక్క తిరకాసు ఉంది. ఈ పరీక్షలో అంకె తగ్గించడానికి గ్రీజును గట్టిగా చేసినా చాలు. 3వ నంబరు గ్రీజు ఊరికే ఉన్నా 2వ నంబరు కంటే తక్కువ కొట్టుకుపోతుంది. అందుకే ఒకే నంబరున్న గ్రీజులనే పోల్చాలి. దమ్ముకు దీనికన్నా దగ్గరి పరీక్ష ఇంకొకటి: గ్రీజులో నీళ్ళు కలిపి, డ్రమ్ములో బరువైన రోలరు కింద గంటల తరబడి దొర్లించి, ముందూ తర్వాతా గట్టిదనం కొలవడం. నీళ్ళతో నలిగాక ఆ అంకె 30 లోపు మారితే, గ్రీజు పెద్దగా మెత్తబడలేదన్నమాట. హబ్ లోపల జరిగేది కూడా ఇదే, నీళ్ళతో కలిసి నలగడం. రేకు మీద పూసిన గ్రీజును గట్టి పిచికారీతో కొట్టి చూసే పరీక్ష మూడోది. అందులో మాత్రం జిగురు గ్రీజులు మెరుగ్గా వస్తాయి, అది బయటి పూతకు దగ్గరి పరీక్ష కాబట్టి.

2021లో ఎన్ఎల్‌జీఐ హెచ్‌పీఎం అనే కొత్త గుర్తు తెచ్చింది. దానికి తోకగా డబ్ల్యూఆర్ అని ఉంటే నీటి నిలకడలో అదనపు పరీక్ష నెగ్గినట్టు, సీఆర్ అని ఉంటే ఉప్పునీటి తుప్పుకు నెగ్గినట్టు. ఆక్వా ప్రాంతాలకు ఈ రెండో తోక ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. డబ్బా మీద గుర్తు లేకపోయినా, కంపెనీలు ప్రతి గ్రీజుకూ గుణాల పట్టీ ఒక పేజీలో ఇస్తాయి. ఫోనులో దొరుకుతుంది. అందులో వేడి డిగ్రీలు చూసి ఆగిపోకుండా, నీటిలో నష్టం ఎంత శాతం అన్న వరస చూడాలి. ఆ వరసే లేని గ్రీజును దమ్ముకు కొనకపోవడం మేలు.

ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ చేటు

ఒకే డబ్బాతో అన్ని చోట్లా కానిచ్చేయడం డెల్టాలో మామూలే. దానివల్ల నష్టం ఎక్కడో చూద్దాం.

ట్రాక్టరు ముందు హబ్, కింగ్‌పిన్, ముందు ఇరుసు నడిమి పిన్ను, రోటవేటరు పక్క బేరింగు: ఇవన్నీ నీళ్ళతో నలిగే చోట్లు. అల్లికను బలపరిచే పాలిమర్ ఉన్న 2వ నంబరు గ్రీజు వీటికి కావాలి. నెమ్మదిగా తిరుగుతాయి, భారం ఎక్కువ, నీరు తప్పదు. పాలిమర్ పెట్టుబడి నూటికి నూరు పాళ్ళు గిట్టుబాటయ్యేది ఇక్కడే.

రైస్ మిల్లులో పరిస్థితి తారుమారు. వడ్ల బరువులో అయిదో వంతు దాకా ఊక. ఊక కాల్చిన బూడిదలో అత్యధిక భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. ఎలివేటర్ల మీద, జల్లెళ్ళ మీద గాల్లో తేలే దుమ్ములో ఊక చెక్కు కలిసే ఉంటుంది. బాగా జిగురున్న గ్రీజు బేరింగు అంచున పేరుకుంటే ఈ దుమ్మంతా దానికి అంటుకుని గట్టి పిండిలా మారుతుంది. సీలు దాటి లోపలికి వెళ్ళిందంటే మెత్తగా అరగదీస్తుంది. దుమ్మున్న చోట తీగ సాగే గ్రీజు చేటు. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఆవిరి తగిలే చోట్లు వేరు లెక్క, అక్కడ నీటి నిలకడ, వేడి నిలకడ రెండూ కావాలి. కాల్షియం సల్ఫోనేట్ కాంప్లెక్స్ అనే రకం గ్రీజుకు పుట్టుకతోనే నీటిని, తుప్పును, భారాన్ని తట్టుకునే గుణాలున్నాయి. ధర ఎక్కువ, అయినా ఆవిరి పక్కన బేరింగులకు, ఉప్పునీటి దగ్గర పనిచేసేవాటికి మామూలు లిథియం గ్రీజుకు పాలిమర్ కలిపి సరిపెట్టుకోవడం కంటే అదే మంచిది.

వేగంగా తిరిగే మోటార్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. నిమిషానికి 1,440 చుట్లు తిరిగే నీటి మోటారు బేరింగుకు గ్రీజులోంచి నూనె కొంచెం కొంచెంగా ఊరుతూ ఉండాలి. పాలిమర్ ఎక్కువైతే ఆ ఊట తగ్గిపోతుంది. చుట్టూ గ్రీజుండగానే బేరింగు నూనె లేక ఎండిపోతుంది. పైగా జిగురు లాగుడుకు వేడెక్కుతుంది. మోటారు బేరింగుకు తీగ సాగే గ్రీజు కొట్టకూడదు. రెండు పక్కలా సీలు వేసి వచ్చిన బేరింగైతే అసలేమీ కొట్టనక్కర్లేదు.

రొయ్యల చెరువుల ఏరేటర్ల గురించి చాలామంది పొరబడతారు. గేరుబాక్సులో ఉండేది గేర్ ఆయిలు, గ్రీజు కాదు. చక్రాల షాఫ్టును మోసే చోట చాలా రకాల్లో ప్లాస్టిక్ బుష్‌లే ఉంటాయి, అవి నీటితోనే జారతాయి. వాటికి గ్రీజు పూస్తే ఉప్పు, మురుగు పట్టి ముందే అరుగుతాయి. చెరువు నీటిలోకి గ్రీజు దిగడం రొయ్యకూ మంచిది కాదు.

చలి గురించి ఒక మాట. పాలిమర్ పడిన గ్రీజు బాగా చలిలో బిగుసుకుపోతుందని పుస్తకాల్లో పెద్ద లోపంగా రాస్తారు. మంచు కురిసే చోట అది నిజంగా పెద్ద లోపమే. గోదావరి ఒడ్డున సంక్రాంతి చలికి కూడా ఆ సమస్య రాదు. గ్రీజు గన్ను కొంచెం గట్టిగా నొక్కాల్సి వస్తుంది, అంతే. కోస్తావాళ్ళకు ఈ విషయంలో టెన్షన్ అక్కర్లేదు.

పాలిమర్‌తో కానివి

పాలిమర్ తుప్పును ఆపదు. నీటిని దూరంగా ఉంచి సాయం చేస్తుందే తప్ప, లోపలికి వచ్చిన నీరు ఇనుమును తినకుండా చూడాల్సింది తుప్పు నిరోధకం. అది విడిగా కలపాల్సిన మందు. నీటిలో నష్టం 3 శాతమే అని రాసి, తుప్పు పరీక్ష గురించి ఏమీ చెప్పని గ్రీజు సగం పనే చేస్తుంది.

పాలిమర్ వల్ల నూనె చిక్కబడినట్టు కనబడుతుంది గానీ, రోలరు కింద నిలిచే పొర అంతే మేరకు మందం కాదు. అంత ఒత్తిడిలో, అంత వేగంలో గొలుసులు వరసగా ఒరిగిపోయి దారిస్తాయి. భారాన్ని మోసేది చివరికి అసలు నూనె చిక్కదనమే. అందుకే భారీ పనికి ముందు చిక్కటి బేస్ ఆయిల్ ఉన్న గ్రీజు ఎంచుకుని, దానికి పాలిమర్ తోడైతే సరే అనుకోవాలి. పలచటి నూనెను పాలిమర్‌తో చిక్కగా చూపించిన గ్రీజుకు డబ్బులు పెట్టడం దండగ.

మధ్యలో గ్రీజు మార్చేటప్పుడు పాతదాని మీదే కొత్తది కొట్టేయడం ఇంకో పొరపాటు. సబ్బు రకాలు సరిపడకపోతే రెండూ కలిసి మెత్తబడి నీళ్ళలా కారిపోతాయి. ఎంత మంచి పాలిమర్ ఉన్నా అప్పుడు ఉపయోగం లేదు. దాళ్వా (రబీ వరి) కోతలయ్యి, కాలువలు కట్టేసిన వేసవిలో ట్రాక్టరు ఖాళీగా ఉంటుంది. హబ్ విప్పి, డీజిల్లో కడిగి, ఆరబెట్టి, సీలు కొత్తది వేసి, కొత్త గ్రీజు నింపడానికి అదే తగిన సమయం. సీలు ధర బేరింగు ధరలో చిన్న భాగం. బేరింగు ధర, దమ్ముల మధ్య అరపూట ట్రాక్టరు ఆగితే పోయేదాంట్లో ఇంకా చిన్న భాగం. నీటి వంతు దాటిపోతే చేను ఎదురుచూడదు.

ఇక రోజూ చేసే పని. దమ్ము చేసినన్నాళ్ళూ నిపుళ్ళకు (గన్నుతో గ్రీజు ఎక్కించే మొనలకు) సాయంత్రమే గ్రీజు కొట్టాలి, మర్నాడు పొద్దున కాదు. రాత్రంతా రోలర్ల కింద నీరు నిలవకుండా తోసేయాలంటే అదే అదను. ముందు నిపులు మీది బురద గుడ్డతో తుడవాలి, లేకపోతే గన్నుతో ఒండ్రునే లోపలికి ఎక్కించినట్టవుతుంది. తర్వాత మెల్లగా నొక్కుతూ పోవాలి. ముందు టీ రంగు నీళ్ళ ముద్ద వస్తుంది, తర్వాత చారలు చారలుగా పాతదీ కొత్తదీ కలిసి వస్తాయి. కొత్త గ్రీజు దాని అసలు రంగులో, చార లేకుండా అంచున కనిపించేదాకా కొట్టి ఆపాలి.